పాత చందమామల్లో బొమ్మలు కత్తిరించి ఆల్బమ్ చేసుకుంటే తప్పా?

ఉప్పల్‌వాసి:
మా నాన్నగారి ట్రంకు పెట్టెలో 60లు, 70ల నాటి చందమామలు గుట్టగా ఉన్నాయి. కొన్నిటికి చెదలు పట్టింది, కొన్నిటికి అట్టలే లేవు. శంకర్ గారి విక్రమార్కుడు, చిత్ర గారి సీరియల్ బొమ్మలు, వడ్డాది పాపయ్య గారి అట్టలు అన్నీ కత్తిరించి, లామినేషన్ చేయించి ఆల్బమ్ చేద్దామని నా ఆలోచన. మా అన్నయ్యేమో పుస్తకం మీద కత్తెర పెడితే ఊరుకోనంటున్నాడు. మీరేమంటారు?

కూకట్‌పల్లి_రేఖ:
మొహమాటపడకుండా చేసెయ్యండి. పెట్టెలో చెదలు తినే బొమ్మ ఎవరి కోసం? నేను వారపత్రికల్లోంచి బాపు గారి బొమ్మలు అలాగే దాచుకున్నాను, మా అమ్మాయి వాటిని చూసే గీత పట్టుకుంది.

చిక్కడపల్లి_పాఠకుడు:
అన్నయ్య గారి మాట వినండి. వారపత్రికలో కథకి ఒకటో రెండో బొమ్మలుంటాయి, చందమామ సంగతి వేరు. దాదాపు ప్రతి పేజీలోనూ బొమ్మ ఉంటుంది, కథ దాని పక్కన ఒదిగి నడుస్తుంది. బేతాళ కథ మొదటి పేజీ తీసుకోండి: భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, కిందే "పట్టు వదలని విక్రమార్కుడు" అని మొదలవుతుంది. ఆ వాక్యం చదువుతూ బొమ్మ చూస్తేనే కదా చిన్నప్పుడు భయం వేసింది! పైగా కాగితం తిప్పితే వెనక ఇంకో బొమ్మ. ఇటువైపుది కత్తిరిస్తే అటువైపుది సగానికి తెగుతుంది, ఏది ఉంచుకుంటారు, ఏది పారేస్తారు?

ఇంకోటి. అంచు దాకా కత్తిరిస్తే మూలన ఉన్న చిన్న సంతకం పోతుంది, ఏ నెల, ఏ కథ అన్నదీ పోతుంది. శంకర్ గారు 1952లో చేరి దశాబ్దాల పాటు వేశారు, ఆయన గీత ఎలా మారుతూ వచ్చిందో తెలియాలంటే తేదీ ఉండాల్సిందే. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఇలా విడి అట్టలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

లామినేషన్ మాత్రం దయచేసి వద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతే మళ్ళీ ఊడదీయలేం, కాగితంలో ఉన్న ఆమ్లం లోపలే ఉండి అది గోధుమరంగుకి తిరుగుతూనే ఉంటుంది.

ఉప్పల్‌వాసి:
మరి చెదలు తిన్నవి? కొన్ని ముట్టుకుంటే పొడి రాలుతున్నాయండీ.

చిక్కడపల్లి_పాఠకుడు:
ముందు వాటిని మంచివాటి నుంచి వేరు చేయండి, లేకపోతే చెదలు అన్నిటికీ పాకుతుంది. విడిపోయిన పేజీని పేజీగానే ఉంచి, విడిగా కవర్లో పెట్టుకోండి. వాటితో ఆల్బమ్ చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేయండి, సెల్లోటేప్ ఒక్క ముక్క కూడా అంటించకండి. మంచి సంచికల్ని 600 డీపీఐలో స్కాన్ చేసి, నచ్చిన బొమ్మల్ని మంచి కాగితం మీద ప్రింట్ తీయించుకోండి, గోడకి అదే పెట్టుకోవచ్చు.

కూకట్‌పల్లి_రేఖ:
ప్రింట్ ప్రింటేనండీ. పాపయ్య గారి అట్ట మీద ఆ నీటిరంగుల మెత్తదనం నాటి కాగితం మీద ఒకలా ఉంటుంది, ఇంట్లో ప్రింటర్‌లో ఇంకోలా వస్తుంది. ఆయన 1992లో పోయారు, పత్రికా ఆగిపోయింది. ఉన్న నాలుగు కాగితాలూ పిల్లల చేతికి అందకుండా బీరువాలో పెడితే వాళ్ళకి ఆయన ఎవరో ఎలా తెలుస్తుంది?

చిక్కడపల్లి_పాఠకుడు:
మొత్తం సంచికే చేతికివ్వండి! చిరిగితే చిరగనివ్వండి, చదువుతూ చిరగడం వేరు, కత్తెరతో కోయడం వేరు. అట్ట ఒక్కటే ఇస్తే పిల్లలు ఒకసారి చూసి పక్కన పెడతారు, లోపల కథ ఉంటే మళ్ళీ మళ్ళీ తెరుస్తారు.

ఉప్పల్‌వాసి:
సరే, కత్తెర ప్రస్తుతానికి పక్కన పెట్టాను. ఊడిపోయిన పేజీలతోనే ఆల్బమ్ మొదలుపెడతా. కూకట్‌పల్లి గారూ, అట్టల విషయంలో నా మనసింకా మీవైపే లాగుతోంది. పాత పత్రికలు నలగకుండా స్కాన్ చేసేవాళ్ళు నగరంలో ఎవరైనా తెలిస్తే చెప్పండి.