‘ఇన్సిపియెన్స్’ అంటే మూర్ఖత్వమా, అవివేకమా?

మా అమ్మాయి ఇక్కడ తిరుపతిలోనే పోటీ పరీక్షలకు చదువుతోంది. నిన్న మాక్ టెస్టులో ‘ఇన్సిపియెన్స్’ అన్న ఇంగ్లీషు మాటకు ‘ఆరంభం’ అని పెట్టి మార్కు పోగొట్టుకుంది. పాపం, చెవికి ఒకేలా వినిపించే మాటలు రెండున్నాయి మరి. ‘ఇన్’ తర్వాత ‘సి’ అక్షరం వస్తే ఆరంభం, ‘ఎస్’ వస్తే తెలివితక్కువతనం. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే. మొదటిదానికి మూలం ‘కపెరె’, అంటే పట్టుకోవడం, పని చేతికి తీసుకోవడం. రెండోదానికి ‘సపెరె’.

ఈ సపెరె నన్ను రాత్రి చాలాసేపు పట్టుకుంది. దానికి రుచి చూడడం అనీ అర్థముంది, వివేకం కలిగి ఉండడం అనీ అర్థముంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ మనిషి జాతికి పెట్టిన ‘హోమో సేపియన్స్’ పేరులో ఉన్నది ఇదే. ముందు లేమిని చెప్పే ‘ఇన్’ చేరేసరికి ‘స’ కాస్తా ‘సి’ అయింది. చప్పిడి అనే అర్థమున్న ‘ఇన్సిపిడ్’ కూడా ఈ ఇంటి బిడ్డే. స్పానిష్‌లో ‘సాబెర్’ అంటే నేటికీ తెలియడమూ, రుచి కలిగి ఉండడమూ రెండూ.

మా అమ్మ రోట్లో ఊరుబిండి నూరుతూ వేలికొసతో కొంచెం నాలుక మీద పెట్టుకుంటుంది. ఒక్క క్షణం ఆగి, “ఉప్పు చాల్లేదు, చింతపండు సరిపోయింది” అంటుంది. ఏది తక్కువ, ఏది సరిపోయింది అని విడదీసి చెప్పడమే కదా తెలివి! కష్టాలు ‘చవిచూశాడు’ అని మనమూ అంటాం.

ఈ మాట గురించి ఇద్దరు అడిగిన ప్రశ్నలూ, నేను చెప్పిన జవాబులూ ఇవి.

— సార్, తెలుగులో ఇన్సిపియెన్స్‌ని మూర్ఖత్వం అనేయొచ్చు కదా?

— వద్దమ్మా. మన వాడుకలో మూర్ఖుడంటే పట్టిన పట్టు విడవనివాడు. ఏనుగు లక్ష్మణకవి ‘తివిరి ఇసుమున తైలంబు తీయవచ్చు’ అని మొదలుపెట్టి, ఎండమావిలో నీళ్లు, కుందేటి కొమ్ము అన్నీ సాధ్యమేనని చెప్పి, చివరికి ‘చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు’ అన్నది అలాంటివాడి గురించే. ఇన్సిపియెన్స్‌లో ఆ మొండితనం లేదు. తేడా పసిగట్టలేకపోవడం ఒక్కటే ఉంది. వివేకానికి మూలమైన ‘విచ్’ ధాతువుకు వేరుచేయడం అని అర్థం. కాబట్టి అవివేకం అంటే అచ్చంగా అతుకుతుంది.

— మా ఇంట్లో బైబిల్ చదువుతాం అన్నా. ‘దేవుడు లేడని బుద్ధిహీనులు తమ హృదయములో అనుకొందురు’ అని పద్నాలుగో కీర్తనలో ఉంది. అక్కడ లాటిన్‌లో ఏ మాట ఉంటుంది?

— దీనికి మూలమైన లాటిన్ మాటే తమ్ముడూ, ‘ఇన్సిపియెన్స్’, అంటే తెలివిలేనివాడు! మంచి సాక్ష్యం తెచ్చావు. తెలుగు చేసినవాళ్లు కూడా అక్కడ మూర్ఖులు అనలేదు చూడు. బుద్ధిహీనత అన్నా నాకు సమ్మతమే. మూర్ఖత్వం మాత్రం వద్దు.