ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి 150 రోజులైంది, ఈ 20ఏ అంటే ఏందో నిన్ననే తెలిసింది

రొయ్యలపచ్చడి_నెల్లూరు

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. నేనూ మా బావమరిదీ మూడేళ్లుగా ఇంట్లోనే రొయ్యల పచ్చడి, చేపల పచ్చడి చేసి అమ్ముతున్నాం, ఇన్నాళ్లూ అంతా నా పేరు మీదే నడిచింది. బెంగళూరులో ఒక షాపుల వాళ్లు నెలకి రెండు క్వింటాళ్లు తీసుకుంటాం, కానీ కంపెనీ పేరు మీద బిల్లు కావాలన్నారు. సరే అని ఒక కన్సల్టెంట్ దగ్గరికి పోతే 6,999కి మొత్తం ప్యాకేజీ అన్నాడు. అబద్ధం చెప్పకూడదు, పది రోజుల్లో సర్టిఫికెట్, పాన్, టాన్, జీఎస్టీ నంబర్ అన్నీ వచ్చేశాయి. ఫిబ్రవరి 12 తేదీతో ఉన్న ఆ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి పూజ గదిలో పెట్టాం కూడా.

నిన్న ఒక పెళ్లిలో మా తోడల్లుడికి తెలిసినాయన కలిసి, 20ఏ వేశారా అనడిగాడు. అదేంది అంటే ఆయన నా మొహం చూసి, 180 రోజుల్లో వేయకపోతే 50,000 ఫైన్ అని చెప్పి భోజనానికి లేచి వెళ్లిపోయాడు. నాకైతే అన్నం దిగలేదు. కన్సల్టెంట్‌కి ఫోన్ చేస్తే అది ప్యాకేజీలో లేదు, విడిగా 8,000 అవుతుందంటున్నాడు. మూలధనం లక్ష అని రాశారు, కానీ మేం ఇంకా కంపెనీ అకౌంట్‌లో ఒక్క రూపాయి కూడా వేయలేదు. బెంగళూరుకి మాత్రం రెండు బిల్లులు కంపెనీ పేరు మీద పోయాయి. ఇప్పుడు ఏం చేయాలి? ఇది తప్ప ఇంకేమైనా ఉన్నాయా? కొంచెం మామూలు మాటల్లో చెప్పండి.

ఒంగోలు_ఖాతాలు

అన్నా, ముందు టెన్షన్ పడకు, నీకు ఆగస్టు 11 దాకా టైముంది. నేను ఒంగోల్లో ఒక సీఏ ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నా. నీలాంటి వాళ్లు నెలకి ఇద్దరైనా వస్తారు, చాలామంది గడువు దాటాకే వస్తారు కాబట్టి నువ్వు నయం.

ఐఎన్‌సీ-20ఏ అంటే, వాటాలు తీసుకుంటామని సంతకం పెట్టినవాళ్లు ఆ డబ్బు నిజంగా కట్టారు అని డైరెక్టరు ఇచ్చే డిక్లరేషన్, అంతే. 2018 నవంబర్ తర్వాత పెట్టిన, వాటా మూలధనం ఉన్న కంపెనీలన్నిటికీ ఉంది. నీ 50,000 నీ అకౌంట్ నుంచి, మీ బావమరిది 50,000 ఆయన అకౌంట్ నుంచి, కంపెనీ కరెంట్ అకౌంట్‌లోకి పోవాలి. ఇద్దరిదీ కలిపి నువ్వే వేసేయకు, ఆయన వాటా డబ్బు ఆయన పేరు మీదే కనిపించాలి. ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి, ప్రాక్టీసులో ఉన్న సీఏనో సీఎస్సో (కంపెనీ సెక్రటరీ) సంతకం చేసి వేస్తారు. అధీకృత మూలధనం, అంటే కంపెనీ ఎక్కువలో ఎక్కువ ఎంతకి వాటాలు ఇవ్వొచ్చో ఆ మొత్తం, కూడా లక్షే అయితే ప్రభుత్వ ఫీజు 300. మిగతాదంతా వాళ్ల చార్జీయే, కాబట్టి 8,000 అన్నవాడితో బేరమాడు లేదా వేరే వాళ్లని చూసుకో.

ఆ రెండు బిల్లుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 20ఏ వేయనిదే వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు అని చట్టంలోనే ఉంది. జరిగిందేదో జరిగింది. తేదీలు మార్చడం లాంటి తెలివితేటలకి పోకుండా సీఏకి ఉన్నది ఉన్నట్టు చెప్పు, 20ఏ అయ్యేదాకా కొత్త బిల్లు కొట్టకు.

ఇంకోటి, ఆడిటర్‌ని పెట్టారా? మొదటి ఆడిటర్‌ని 30 రోజుల్లోపు బోర్డు నియమించాలి. నీ మాటల్ని బట్టి అదీ జరిగినట్టు లేదు. కంపెనీకి టర్నోవర్ ఎంతైనా, సున్నా అయినా ఆడిట్ తప్పదు. జీఎస్టీ నంబర్ ఫిబ్రవరిలోనే వచ్చింది కదా, అప్పట్నుంచీ రిటర్నులు ఎవరు వేస్తున్నారో కనుక్కో. అమ్మకాలు లేని నెలలకీ వేయాలి. నీ పాత ఫుడ్ లైసెన్స్ నీ పేరు మీదుంటే అది కంపెనీకి పనికిరాదు, కంపెనీ పేరు మీద విడిగా తీసుకోవాలి.

చీమకుర్తి_గెలాక్సీ

పై తమ్ముడు చెప్పిందంతా కరెక్టే. నేను నా కథ చెప్తా, భయపెట్టడానికి కాదు.

2012లో గ్రానైట్ స్లాబుల ఎగుమతి అని నేనూ మా చిన్నాన్న కొడుకూ కలిసి ఒక ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాం. ఒక్క కంటైనర్ కూడా కదల్లేదు, మా ఇద్దరికీ మాటామాటా వచ్చి ఎవరి దారి వాళ్లం చూసుకున్నాం. వ్యాపారమే లేదు, ఇంక లెక్కలు ఎవరికి చెప్పాలి అనుకున్నా. ఇక్కడే తప్పు చేశా, చాలామంది చేసేదీ ఇదే. షాపు అయితే తాళం వేస్తే మూతపడుతుంది, కంపెనీ అలా మూతపడదు, కాగితం మీద బతికే ఉంటుంది, ఏటా దాని లెక్క అడుగుతూనే ఉంటారు. 2017లో దేశం మొత్తం మీద రెండు లక్షలకి పైగా కంపెనీల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేశారు చూడండి, అందులో మాదీ ఒకటి. వరసగా మూడేళ్లు లెక్కలు వేయనందుకు నన్ను ఐదేళ్లు డైరెక్టరుగా అనర్హుడన్నారు. ఆ సంగతి నాకు ఉత్తరం వచ్చి తెలియలేదు. మా బావ కంపెనీలో నన్ను డైరెక్టరుగా చేర్చబోతే ఫారం పోవట్లేదు, నా డైరెక్టరు నంబరు కొట్టి చూస్తే అనర్హుల జాబితాలో నా పేరుంది. అకౌంట్‌లో 1,80,000 ఉన్నాయి, అది ఫ్రీజ్ అయింది. కంపెనీల కేసులు చూసే ట్రైబ్యునల్‌కి పోయి కంపెనీని మళ్లీ బతికించుకోవచ్చన్నారు. హైదరాబాదుకి తిరుగుళ్లు, వకీలు ఫీజు లెక్కేసుకుని నేను వదిలేశా.

ఉత్తరాలు ఎందుకు రాలేదంటే, రిజిస్టర్డ్ ఆఫీసు అని మా పాత ఇంటి అడ్రసు ఇచ్చాం, ఆ ఇల్లు అమ్మేసి కూడా మార్చలేదు. మీరు ఏ అడ్రసు ఇచ్చారో ఒకసారి చూసుకోండి.

కావలి_అక్కాచెల్లెళ్లు

మీ ఇద్దరే కదా, బయటి పెట్టుబడి ఏమీ లేదు కదా, అసలు ఎల్‌ఎల్‌పీ పెట్టుకోవాల్సింది, అంటే అప్పుల బాధ్యతకి పరిమితి ఉన్న పార్ట్‌నర్‌షిప్. నేనూ మా చెల్లీ చీరల వ్యాపారానికి అదే పెట్టుకున్నాం. టర్నోవర్ 40 లక్షలు గానీ పెట్టుబడి 25 లక్షలు గానీ దాటనంతవరకు ఆ చట్టం కింద ఆడిట్ లేదు. వార్షిక రిటర్ను ఫారం 11 మే 30కి, లెక్కల ఫారం 8 అక్టోబర్ 30కి, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను మామూలే. కానీ ఇవి కూడా వ్యాపారం ఉన్నా లేకపోయినా వేయాల్సిందే, మొదటి ఏడాది మేం ఫారం 11 మర్చిపోయి డబ్బులు వదిలించుకున్నాం.

ఒంగోలు_ఖాతాలు

అక్క చెప్పింది నిజమే గానీ, పెట్టేశాక ఇప్పుడు వెనక్కి తిప్పడం ఇంకో ఖర్చు. మూసేద్దామన్నా, పేరు కొట్టేయించుకునే ఫారం ఎస్‌టీకే-2కి ప్రభుత్వ ఫీజే 10,000. పైగా బెంగళూరు ఆర్డరు నిజంగా నడుస్తుంటే కంపెనీ ఉండడమే మంచిది.

చీమకుర్తి అన్న అడ్రసు గురించి చెప్పాక గుర్తొచ్చింది, దానికన్నా ముందు చూడాల్సింది ఇంకోటుంది. ఎంసీఏ (కంపెనీల వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ) సైటులో మీ కంపెనీ పేరు కొట్టి మాస్టర్ డేటాలో మెయిల్ ఐడీ ఎవరిదుందో చూడు. సగం కేసుల్లో కన్సల్టెంట్ తన మెయిలే పెట్టుకుంటాడు. నోటీసు వచ్చినా అతనికే వస్తుంది, అతను చూస్తే చూసినట్టు. డిజిటల్ సంతకం టోకెన్, పెన్‌డ్రైవ్ లాగుంటుంది, అది కూడా తెచ్చుకో. అది పక్కవాడి డ్రాయరులో ఉండడమంటే సంతకం పెట్టిన ఖాళీ చెక్కుల పుస్తకం అక్కడ పెట్టడమే.

తర్వాత వచ్చే తేదీలు చెప్తా. మీది జనవరి తర్వాత పెట్టింది కాబట్టి కంపెనీ చట్టం లెక్కలో మీ మొదటి ఆర్థిక సంవత్సరం వచ్చే మార్చి 31 దాకా. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి ఆ లెక్క కుదరదు, మొన్న మార్చితో అయిపోయిన ఆ నెలన్నరకీ రిటర్ను వేయాలి, అక్టోబర్ 31 గడువు. మొదటి వార్షిక సమావేశం వచ్చే ఏడాది డిసెంబర్ 31 లోపు. అది జరిగిన 30 రోజుల్లో లెక్కల ఫారం ఏవోసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7ఏ. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100, దీనికి పరిమితి లేదు. రెండూ ఏడాది వదిలేస్తే 73,000. చేపల పచ్చడి ఎన్ని కిలోలు అమ్మితే అంత మిగులుతుందో నీకే తెలియాలి.

పోతే, కంపెనీ గల్లాలోంచి పెళ్లి ఖర్చులకీ పెట్రోలుకీ తీసేసుకునే అలవాటుంటే ఇప్పుడే మానుకో. ఆ డబ్బు నీది కాదు, కంపెనీది. జీతమనో డివిడెండ్ అనో రాసి తీసుకోవాలి.

నెల్లూరు_సీఎస్_పాప

ఒక చిన్న దిద్దుబాటు. 50,000 అన్నది చట్టంలో రాసిన అంకె. చిన్న కంపెనీలకి కంపెనీల చట్టం సెక్షన్ 446బీ కింద జరిమానా అందులో సగానికి మించకూడదు. అలాగని గడువు దాటించొద్దు, డైరెక్టర్లకి రోజుకి ఇంత అని విడిగా ఉంటుంది, ఆలస్యపు ఫీజూ పడుతుంది.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. రిజిస్టర్డ్ ఆఫీసు బయట కంపెనీ పేరు, అడ్రసు బోర్డు ఉండాలి, అది స్థానిక భాషలో కూడా ఉండాలి. అంటే మనకి తెలుగులో. ఇల్లే ఆఫీసు అయినా సరే. బిల్లుల మీద కంపెనీ నంబరు, అదే సీఐఎన్, అది కూడా వేయాలి.

రొయ్యలపచ్చడి_నెల్లూరు

అందరికీ దండం. మాస్టర్ డేటా చూశా, మెయిల్ కన్సల్టెంట్‌దే. పొద్దున్నే పోయి టోకెన్ అడిగితే అరగంట వెతికి, రబ్బరు బ్యాండు వేసి కట్టిన ఒక గుత్తిలోంచి తీసిచ్చాడు. అందులో ఇరవై దాకా ఉన్నాయి, చిన్న కాగితం ముక్కల మీద పేర్లు రాసి. నేను 50,000 వేసేశా, బావమరిది సోమవారం వేస్తానన్నాడు. మా ఇంటి దగ్గర్లోనే ఒక సీఏ మేడమ్ దొరికారు, ఆడిటర్‌గా ఉంటానన్నారు. బిల్లుల సంగతి వినగానే కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు గానీ, చూద్దాంలే అన్నారు. జీఎస్టీ రిటర్నులు ఏప్రిల్ నుంచి ఎవరూ వేయలేదంట, అదొకటి.

ఒక్క డౌటు మిగిలింది. బోర్డు మీద 'ప్రైవేట్ లిమిటెడ్' అని మొత్తం రాయించాలా, 'ప్రై.లి.' అంటే చాలదా? పెయింటరు అక్షరానికి ఇంత అంటున్నాడు.

చీమకుర్తి_గెలాక్సీ

మొత్తం రాయించు. ఫ్లెక్సు కొట్టించుకో సామీ, దానికి అక్షరాల లెక్కుండదు.