సందు చుక్కల ముగ్గులో చుక్కలెన్ని? త్రిభుజ సంఖ్యల 4, 6, 8 రెట్లు

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి):
పదో తరగతి వాళ్లకి అంకశ్రేఢులు అయ్యాయి. త్రిభుజ సంఖ్యల (1, 3, 6, 10, 15...) గుణిజాల మీద ప్రాజెక్టు ఇవ్వాలి. ధనుర్మాసం కదా, ముగ్గులతో చేయిద్దామని. "15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క" (మధ్య వరసలో 15, పైకీ కిందకీ ఒక్కోటి తగ్గుతూ 8 వరకు, ఒక వరస చుక్కలు పక్క వరస సందుల్లో) లెక్కపెడితే 169. పదిహేనో త్రిభుజ సంఖ్య 120, దానికి ఆరు రెట్లు 720. ఎక్కడ తప్పు?

జవాబు 1:
మాస్టారూ, 15ని n (ఎన్నో త్రిభుజ సంఖ్యో చెప్పేది) అనుకున్నారు. మధ్య వరస 2n+1, కాబట్టి n = 7. ఏడో త్రిభుజ సంఖ్య 28; 6×28 = 168, నడిమి చుక్కతో 169.

ఆరే ఎందుకంటే, నడిమి చుక్క చుట్టూ మొదటి వలయంలో 6 చుక్కలు, రెండో దాంట్లో 12, అలా ఏడో దాంట్లో 42. ఆరు బయటికి తీస్తే మిగిలేది 1+2+...+7. ఒక్కో వలయానికి ఒక్కో రంగు పెట్టిస్తే పిల్లలకి సూత్రం చెప్పనక్కర్లేదు.

ఎదురు చుక్కయితే (పక్క వరసల చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటే) వలయానికి 4, 8, 12... 11 నుంచి 1 వరకు (11, 9, 7...) పెడితే n = 5, 1+4×15 = 61. అదే 11 సందు చుక్కగా 6 వరకు దింపితే 1+6×15 = 91. నిండు చదరం 11×11 అయితే 1+8×15 = 121. మూడింటికీ అదే 15, ఐదో త్రిభుజ సంఖ్య!

జవాబు 2:
మధ్య వరస సరిసంఖ్య ఇవ్వకండి. 8 నుంచి 4 వరకు సందు చుక్కలు 52 వస్తాయి. ఒకటి తీసేస్తే 51, ఆరుతో భాగిస్తే శేషం 3. నడిమి చుక్కే లేనప్పుడు వలయాలెక్కడివి?

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండి. 0, 6, 18, 36, 60కి రెండో తేడా (తేడాల మధ్య తేడా) ఎప్పుడూ 6. రెండో తేడా 6 వస్తే త్రిభుజ సంఖ్యల ఆరు రెట్లేనా?

జవాబు 3:
కాదు. m భుజాల సంఖ్యల (త్రిభుజ సంఖ్యలకి m = 3, చతురస్ర సంఖ్యలకి 4, అలా) k రెట్లకి రెండో తేడా k(m−2). చతురస్ర సంఖ్యల మూడు రెట్లు (0, 3, 12, 27), పంచభుజి సంఖ్యల రెండు రెట్లు (0, 2, 10, 24), అష్టభుజి సంఖ్యలు (0, 1, 8, 21), అన్నిటికీ 6 వస్తుంది. సున్నా తర్వాతి పదం చూడండి, అదే k. జాబితా మధ్యలోంచి మొదలైతే తేడాలు తగ్గించుకుంటూ సున్నా దాకా వెనక్కి వెళ్లాకే k తీయాలి.

జవాబు 2:
తిరగేసి కూడా అడగండి: 127 చుక్కలతో సందు ముగ్గు కుదురుతుందా? 126÷6 = 21; అది త్రిభుజ సంఖ్య అయితే 8 రెట్లకి 1 కలిపితే వర్గం రావాలి: 8×21+1 = 169 = 13². మధ్య వరస ఆ 13 చుక్కలే, చివర 7. అదే 121 అయితే 120÷6 = 20, 8×20+1 = 161 వర్గం కాదు, కుదరదు. పైథాన్‌లో రాయిస్తే వర్గమూలానికి ఐఎస్‌క్యూఆర్‌టీ (isqrt, వర్గమూలంలో పూర్ణాంక భాగాన్ని కచ్చితంగా ఇచ్చే ఫంక్షన్) వాడించండి. మామూలు వర్గమూలం దశాంశాల్లో లెక్కేస్తుంది కాబట్టి పెద్ద సంఖ్యల దగ్గర తప్పుతుంది.