పెద్దమనుషుల రాజీకి ఒప్పుకోవాలా, కేసు వెయ్యాలా?

రాజోలు పిల్ల:
మా పిన్నికి 43 ఏళ్ళండి. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని, రోజంతా నిలబడే చెయ్యాలి. ఏప్రిల్లో పొద్దున్నే పనికెళ్తుంటే కాలవ గట్టు రోడ్డు మీద వెనకనుంచి వ్యాను గుద్దేసింది, తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. ఎఫ్‌ఐఆర్ అయింది. ఇప్పుడు మూడు నెల్లకి ఓనరు పెద్దమనుషుల్ని పంపి లక్ష ఇస్తాం, స్టాంపు పేపరు మీద రాసిచ్చెయ్యండి అంటున్నాడు. హాస్పిటల్‌కి అప్పు తెచ్చి కట్టిందే లక్షా ఇరవై. బాబాయేమో తీసేసుకుందాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

అంబాజీపేట బావ:
తీసేసుకోండమ్మా. మా అన్నయ్య కేసు నాలుగేళ్ళు తిరిగాం, వాయిదాలకే చెప్పులరిగిపోయాయి. పైగా ఆ డ్రైవరూ కూలోడే, పక్కూరోడు, రేపు పెళ్ళిళ్ళకీ చావులకీ మొహాలు చూసుకోవాలి కదా.

కాలవగట్టు:
బావగారూ, ఇక్కడే అందరూ పొరపడతారండి. వ్యానుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే ఆ బండి వల్ల బయటి మనుషులకి దెబ్బ తగిలితే ఇచ్చేది, ఉంటే డబ్బులు కట్టేది ఇన్సూరెన్సు కంపెనీ, ఆ కూలోడు కాదు. అది కట్టి తీరాల్సిన ఇన్సూరెన్సు, అందుకే పెట్టారు. నేను అమలాపురంలో లాయరు గారి దగ్గర పదేళ్ళు గుమాస్తాగా చేశాను కాబట్టి లెక్క చెప్తాను చూడండి. పిన్నిగారికి నెలకి 12,000 అనుకుందాం, ఏడాదికి 1,44,000. 40 నుంచి 50 ఏళ్ళ లోపు సొంత పనోళ్ళకి, కూలోళ్ళకి మునుముందు పెరిగే సంపాదన కింద 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది, అప్పుడు 1,80,000. ఏడాది సంపాదనని ఎన్నింతలు చెయ్యాలో వయసుని బట్టి ఉంటుంది, పిన్నిగారి వయసుకి 14, అంటే 25,20,000. సంపాదించే శక్తి 20 శాతమే పోయిందన్నా 5,04,000 అవుతుంది, మందుల బిల్లులు, నొప్పికి ఇచ్చేది, తోడున్న మనిషి ఖర్చు ఇవన్నీ వేరే. ఆ లక్ష ఎక్కడ, ఇదెక్కడ!

ఇంకోటి, డాక్టరు రాసే శాతం వేరు, పని పోయిన శాతం వేరు. 2011లో రాజ్ కుమార్ కేసులో అదే చెప్పారు, చెయ్యి పోతే గుమాస్తాకి ఉద్యోగం ఉండొచ్చు, వడ్రంగికి దాదాపు బతుకుతెరువే పోతుంది. నిలబడలేని మనిషికి రొయ్యల షెడ్డులో ఏం పనుంటుందండి?

తణుకు మాస్టారు:
అంతా బానే ఉంది కానీ కంపెనీ వాళ్ళు ఊరుకుంటారా, ఆవిడ రోడ్డు మధ్యలో నడిచింది, ఆవిడ తప్పూ ఉంది అని సగం కోయిస్తారు. జీతం కాగితం కూడా లేదు.

కాలవగట్టు:
అడుగుతారు మాస్టారూ, తప్పకుండా అడుగుతారు. కానీ ఏప్రిల్లో మన గట్టు రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలీదా, ఒకపక్క కాలవ, ఇంకోపక్క దాళ్వా ధాన్యం ఆరబోసి దానిమీద బరకాలు కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు, ఇక మనిషి ఎక్కడ నడవాలి, గాల్లోనా? వెనకనుంచొచ్చి గుద్దినోడి తప్పే ముందు చూడాలి. అమ్మాయీ, పోలీసుల స్కెచ్చు, ఛార్జిషీటు, బండిని తనిఖీ చేసిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) రిపోర్టు కాపీలు తీసుకో. జీతం కాగితం లేకపోయినా పరవాలేదు, మేస్త్రినీ పక్కన పనిచేసే ఆవిడనీ సాక్ష్యం చెప్పించండి. క్లెయిము వెయ్యడానికి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆర్నెల్ల గడువు పెట్టారు, మీకు సగం అయిపోయింది, ఇంక ఆలస్యం చెయ్యకండి. మీ ఊరికి దగ్గర ట్రిబ్యునల్లోనే, అంటే ఇలాంటి యాక్సిడెంటు క్లెయిములు చూసే కోర్టులోనే వెయ్యొచ్చు.

బావగారు చెప్పిన తిరుగుడు నిజమే, నేనూ చూశాను. అందుకే కేసు వేసి, కాలి సంగతి తేలాక లోక్ అదాలత్‌లో కంపెనీతో రాజీ పడొచ్చు. అక్కడ రాజీ మీద ఇచ్చిన తీర్పు (అవార్డు అంటారు) కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. రాజీ వద్దనట్లేదు, రాడ్ ఉండగా ఊళ్ళో అరుగు మీద వద్దంటున్నాను.

రాజోలు పిల్ల:
ఇన్సూరెన్స్ నవంబరు దాకా ఉందండి, ఇందాకే ఎఫ్‌ఐఆర్లో బండి నంబరు చూసి ఫోన్లో కొడితే వచ్చింది. బాబాయికి ఇదంతా చదివి వినిపించాను, ఏం మాట్లాడలేదు కానీ స్టాంపు పేపరు తెచ్చినాయనకి పిన్ని లేచి నడిచాక చూద్దాం అని చెప్పి పంపించేశారు. సోమవారం పిన్ని బిల్లులన్నీ సంచిలో వేసుకుని అమలాపురం వెళ్తున్నాం.