డ్రోన్ మ్యాప్‌లో ఎర్రగా వస్తే యూరియా వేసేయడమేనా?

ఖమ్మం_రైతుబిడ్డ:
యాసంగి మొక్కజొన్నకి డబ్బులిచ్చి డ్రోన్‌తో పైరు పచ్చదనాన్ని రంగుల్లో చూపే ఎన్‌డీవీఐ మ్యాప్ తీయించాం. కాలువ పక్క పది గుంటలు ఎర్రగా వచ్చింది, నత్రజని లోపం, యూరియా వేయండన్నారు, వేశాం. వారమైనా పచ్చబడలేదు. రెండు మొక్కలు పీకి చూస్తే వేర్లు గోధుమరంగుకి తిరిగి, మెత్తబడి, కంపు కొడుతున్నాయి. కాలువ ఊట దిగి నీళ్లు నిలుస్తున్నాయక్కడ. వేరుకి గాలి ఆడనప్పుడు ఎంత ఎరువేసి ఏం లాభం? ఈ మ్యాపుల్ని నమ్మి ఎరువులు వేయొద్దనే నేనంటా.

పొలంగట్టు:
అన్నా, కొలత సరిగ్గానే వచ్చింది. ఆకులోని పత్రహరితం 670 నానోమీటర్ల దగ్గరి ఎర్ర కాంతిని పీల్చేసుకుంటుంది, 800 దగ్గరి పరారుణ కాంతిని మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఆకు సగం దాకా తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ. నత్రజని లేకపోయినా, నీళ్లు నిలిచినా, పురుగు తిన్నా, మొక్కలు పలచబడి మట్టి కనిపించినా ఆ అంకె పడిపోతుంది. కారణం అందులో ఉండదు. యూరియా అన్నది మనిషి, మ్యాప్ కాదు.

ఖమ్మం_రైతుబిడ్డ:
ఆ మూల పసుపెక్కిందని గట్టు మీద నుంచి నాకే కనిపించింది తమ్ముడూ. కంటికి ఆనకముందే చెప్పగలిగితే అప్పుడు డబ్బులు పెడతా.

పొలంగట్టు:
ఎర్ర కాంతికీ పరారుణానికీ మధ్య ఉండే రెడ్ ఎడ్జ్ కాంతిని పట్టే కెమెరా అయితే కొంత వరకు చెప్తుంది. 705 నానోమీటర్ల దగ్గర పత్రహరితం కాస్త తగ్గినా తేడా తెలుస్తుంది, అదే ఎన్‌డీవీఐ అయితే పైరు దట్టంగా కమ్ముకున్నాక దాదాపు కదలదు. సెంటినెల్-2 ఉపగ్రహాల్లో ఆ బ్యాండ్లు ఉన్నాయి, ఐదు రోజులకోసారి బొమ్మ, అదీ ఉచితంగా. కాకపోతే రెడ్ ఎడ్జ్ బొమ్మలో ఒక్కో గడి (పిక్సెల్) పొడవు, వెడల్పు 20 మీటర్లు, నీ పది గుంటలకి రెండున్నర గళ్లే వస్తాయి. వానాకాలం మబ్బు పడితే అదీ లేదు.

విస్తరణ_ఉద్యోగి:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. దేనితో పోల్చి తక్కువంటున్నాం? ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు గోధుమలో చేసి చూపించిన పద్ధతి ఉంది. పొలంలో ఒక పట్టీకి మొదట్లోనే నత్రజని కొరత లేకుండా వేసి, తర్వాత చేతి సెన్సర్‌తో ఆ పట్టీనీ మిగతా చేనునీ పోల్చి చూస్తారు. రెండూ ఒకేలా ఉంటే అప్పటికి ఎరువు అక్కర్లేదు. మీ మూలలో ఆ పట్టీ కూడా పాలిపోయి ఉంటే, జబ్బు నత్రజనిది కాదని బస్తా విప్పకముందే తెలిసేది.

ఖమ్మం_రైతుబిడ్డ:
ఇది బాగుంది సార్. వచ్చే పంటకి ఆ మూల గుండా పట్టీ వేస్తా, దానికంటే ముందు ఊటకి బోదె తవ్వించాలి. కానీ మ్యాప్ తీసినవాళ్లు ఒక్క మొక్కైనా పీకి చూడకుండా యూరియా పేరెత్తకూడదు, ఆ మాట మీద మాత్రం ఉంటా.