రైల్స్‌లో చీటీ, దాని వరుసలు ఒకేసారి సేవ్ కావడం లేదు

ప్రశ్న (చిత్తూరు నుంచి):
మా మామయ్య గారి మామిడి మండీ కోసం రైల్స్ 7లో (వెబ్ అప్లికేషన్లు రాసే రూబీ ఫ్రేమ్‌వర్క్) చిన్న అప్లికేషన్ రాస్తున్నాను. వచ్చిన ప్రతి లోడుకూ ఒక చీటీ రాస్తాం. ఒక లోడులో తోతాపురి, బేనీషా, నీలం కలిసి రావచ్చు కనుక, ఒక్కొక్క చీటీ కింద రకం, తూకం, ధర ఉన్న వరుసలు కొన్ని ఉంటాయి. చీటీ మోడల్‌లో (టేబుల్‌కు ప్రతినిధిగా ఉండే కోడ్) హ్యాజ్ మెనీ, అంటే దీనికి చాలా వరుసలు ఉంటాయని, వరుస మోడల్‌లో బిలాంగ్స్ టు, అంటే ఇది ఒక చీటీకి చెందుతుందని రాసి, పాత టేబుల్‌లో కాలమ్ పేరు వేరుగా ఉన్నందున రెండుచోట్లా ఫారిన్ కీ (వరుస ఏ చీటీదో చెప్పే కాలమ్ పేరు) ఇచ్చాను. చీటీతో పాటే వరుసలనూ ఒకే ఫారం నుంచి తీసుకునే యాక్సెప్ట్స్ నెస్టెడ్ యాట్రిబ్యూట్స్ ఫర్ కూడా ఉంది. అయినా కొత్త చీటీ నమోదు చేసిన ప్రతిసారీ వరుసకు చీటీ ‘మస్ట్ ఎగ్జిస్ట్’ (ఉండి తీరాలి) అని ఎర్రర్ వస్తోంది. ప్రస్తుతం చీటీని ముందు సేవ్ చేసి, వరుసలను లూప్‌లో క్రియేట్ చేస్తున్నాను. తూకం రాయని వరుస ఒకటి తగిలితే చీటీ సగంలో మిగిలిపోతోంది.

జవాబు (తిరుపతి నుంచి):
చిక్కంతా ఆ ఫారిన్ కీ దగ్గరే ఉందండి. రైల్స్ 5 నుంచి కొత్త ప్రాజెక్టులలో బిలాంగ్స్ టు డిఫాల్ట్‌గా తప్పనిసరి. అయితే ఆ తనిఖీకి కావలసింది డేటాబేస్‌లోని ఐడీ కాదు, మెమరీలో వరుసకు తన చీటీ కనబడటం. మామూలుగా రెండు వైపుల సంబంధాన్ని రైల్స్ పేర్లను బట్టి తానే పసిగడుతుంది; ఫారిన్ కీ విడిగా ఇస్తే మాత్రం ఆ ప్రయత్నం మానుకుంటుంది. కనుక హ్యాజ్ మెనీ రాసిన కోడ్ లైన్‌లో, అవతలి వైపు సంబంధం పేరు చెప్పే ఇన్వర్స్ ఆఫ్ కూడా రాయండి. అప్పుడు చీటీ, వరుసలు ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి, లేదంటే ఏదీ కాకుండా) సేవ్ అవుతాయి, మీ లూప్ అవసరం ఉండదు.

మరొక జవాబు:
బిలాంగ్స్ టుకు ఆప్షనల్ ట్రూ (చీటీ లేకపోయినా ఫర్వాలేదు అని) పెట్టినా ఎర్రర్ పోతుందని ఎవరైనా చెబితే వినకండి. రేపు ఏ చీటీకీ చెందని వరుసలు టేబుల్‌లో చేరితే లెక్క తేల్చడం మీ తరం కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇన్వర్స్ ఆఫ్‌తో పని జరిగిందండి, ధన్యవాదాలు. కానీ పాత చీటీని ఎడిట్ చేస్తే వరుసలు రెట్టింపు అవుతున్నాయి.

జవాబు (తిరుపతి నుంచి):
కంట్రోలర్‌లోని పర్మిట్‌లో (ఫారం నుంచి ఏ వివరాలు అనుమతించాలో చెప్పే జాబితా) వరుసల యాట్రిబ్యూట్స్ కింద ఐడీని వదిలేసి ఉంటారు. ఐడీ అందకపోతే రైల్స్ ప్రతి వరుసనూ కొత్తదిగానే భావిస్తుంది.