అడిగెదనని... ఈ కందంలో ఎన్ని అడుగులు!

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు, పోతన గజేంద్రమోక్షం అనగానే అందరూ ‘అల వైకుంఠపురంబులో’, ‘సిరికిం జెప్పడు’ చదివి ఆగిపోతారెందుకు, ఆ తర్వాత ఏమీ లేదా అని. ఎందుకు లేదండీ! నాకైతే ఆ రెండిటికన్నా వాటి వెనకాల వచ్చే ఈ చిన్న కంద పద్యమంటేనే ప్రాణం:

అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడునెడలన్

ఏనుగు మొర విని విష్ణుమూర్తి ఉన్నపళంగా లేచి వెళ్ళిపోతున్నాడు. చేతిలో లక్ష్మీదేవి పైట కొంగు ఉందన్న ధ్యాస కూడా లేదు, కాబట్టి ఆవిడా వెనకాలే పరుగెత్తాలి. ఎక్కడికో తెలియదు. అడుగుదామని గబగబా నడుస్తుంది, అడిగినా బదులు చెప్పడేమోనని నడక ఆపేస్తుంది, ఏదో తొట్రుపాటుతో తడబడుతూ అడుగు వేస్తుంది, మళ్ళీ వెయ్యబోతే కాలు బిగుసుకుపోయి కదలదు. నాలుగు పాదాల్లో జరిగింది ఇంతే.

ఇందులో నన్ను పట్టేసిన మాట ‘అడుగు’. ప్రశ్నించడమూ అడుగే, కాలు తీసి వేసేదీ అడుగే. పద్యం ‘అడిగెద’తో మొదలై ‘అడుగిడు’ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అడగలేకపోయింది కాబట్టి అడుగు పడలేదు, అడుగు పడలేదు కాబట్టి అడగనూ లేదు. ఇది తెలుగులో తప్ప ఇంకెక్కడా కుదరదు. సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో స్వామి చక్రం పట్టుకుని గరుడుడి మీద వస్తాడు, ఏనుగు తొండంతో తామరపువ్వు ఎత్తి నమస్కరిస్తుంది, అంతే. అక్కడ ఈ కొంగూ లేదు, ఈ తడబాటూ లేదు. ఇదంతా పోతన మనకోసం కల్పించుకున్నదే.

ఇంకో మాట. మా ఇంట్లో నాన్న చెప్పులేసుకుని విసురుగా బయల్దేరితే అమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడేది. బయటికి వెళ్ళేవాళ్ళని ‘ఎక్కడికి’ అని అడగకూడదు కదా, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది, ఒక కాలు గడప మీద, ఒక కాలు లోపల. పద్యంలో కారణం వేరని తెలుసు. కానీ ‘నడుగిడు నడుగిడదు’ అని చదివినప్పుడల్లా నాకు కనిపించేది ఆ గడప మీది పాదమే.

*జవాబు:* అక్కా, చాలా బాగా చెప్పారు, కానీ నాకు చిన్న అనుమానం. ఇది మరీ ‘డ’కారాల మోజు కాదా? అంత తొట్రుపాటులో ఉన్న మనిషి గురించి చెప్తూ అక్షరాలతో ఆడుకోవడం గారడీలాగా అనిపించదా? మా మాస్టారు కూడా దీన్ని అనుప్రాసకి, అంటే ఒకే అక్షరం మళ్ళీమళ్ళీ రావడానికి, ఉదాహరణగానే చెప్పి వదిలేశారు.

*తమ్ముడూ,* అనుప్రాస దగ్గర వదిలేస్తే నువ్వన్నదే నిజమవుతుంది. నేనూ లెక్కపెట్టాను, పద్యం మొత్తం 62 అక్షరాలు, అందులో 23 చోట్ల ‘డ’ ఉంది. పాదాలవారీగా చూస్తే 3, 6, 6, 8, అంటే తడబాటు పెరిగేకొద్దీ అదీ పెరిగింది. కానీ అసలు సంగతి ‘డ’ కాదు, లఘువులు, అంటే పొట్టిగా పలికే అక్షరాలు. మొదటి నుంచి వరసగా 30 లఘువులు, ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేదు, చిన్నచిన్న అంగలతో పరుగే పరుగు. మొదటి గురువు, అంటే నిలిపి పలికే బరువైన అక్షరం, ఎక్కడొచ్చిందో చూడు: ‘నడ యుడుగున్’. నడక ఆగిందని చెప్పే మాట మీదే మన నోరూ ఆగుతుంది. కందంలో రెండో పాదం చివర గురువు ఉండి తీరాలి, అది ఛందస్సు పెట్టిన నియమం. ఆ నియమం వచ్చే చోటికి సరిగ్గా ఆవిడ కాలు ఆగేలా చెయ్యడం మాత్రం కవి చేసిన పని. ఆ తర్వాత మళ్ళీ 30 లఘువులు, మళ్ళీ ‘లన్’ దగ్గర ఆగడం.

ఉత్తరప్రదేశ్‌లోని దేవగఢ్‌లో గుప్తుల కాలం నాటి గుడి గోడ మీద గజేంద్రమోక్షం శిల్పం ఉంది, అందులో విష్ణువు గరుడుడి మీదే ఉంటాడు. అద్భుతమైన పనితనం. రాతిలో వేసిన అడుగూ చెక్కొచ్చు, ఆగిన అడుగూ చెక్కొచ్చు. వేసి, వెయ్యక, మళ్ళీ వెయ్యబోయి ఆగిన అడుగు కావాలంటే మాత్రం పద్యం పైకి చదవాల్సిందే, కళ్ళతో చదివితే సగం పోతుంది.

ఒకసారి గట్టిగా, ఆపకుండా చదివి చూడు. ‘వెడవెడ సిడిముడి’ దగ్గర నాలుక తడబడితే కంగారుపడకు, అక్కడ తడబడాలి. అన్నట్టు ‘సిడిముడి’ అనే మాట మీ ఊరివైపు ఇంకా ఎవరైనా వాడుతున్నారా? మా వైపు ‘తొట్రుపాటు’, ‘కంగారు’ తప్ప నేను వినలేదు.